కూర్గా, ఊటీయా? బెంగళూరు నుంచి వెళ్లేవాళ్లకి ఏది మేలు

లాంగ్ వీకెండ్ దగ్గరపడితే చాలు, ఆఫీస్ క్యాంటీన్లో, అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో, హైదరాబాద్ నుంచి ఫోన్ చేసే చుట్టాల దగ్గర, అందరిదీ ఒకటే ప్రశ్న. కూర్గ్ వెళ్దామా, ఊటీ వెళ్దామా? అబ్బీ ఫాల్స్, రాజాస్ సీట్, దొడ్డబెట్ట, బొటానికల్ గార్డెన్ ఇవన్నీ మీకు తెలిసినవే, వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. కొండలు, మబ్బులు, చలి రెండుచోట్లా ఉన్నాయి. నేను చూసేది వేరే. అక్కడివాళ్లు ఇంట్లో వండుకునేది మన కంచంలోకి వస్తుందా, వాళ్లు చేత్తో చేసింది మన చేతికి అందుతుందా? ఇలా చూస్తే కూర్గ్ అనే కొడగుకీ, ఊటీ ఉన్న నీలగిరికీ, ఈ రెండు జిల్లాలకీ అసలు పోలికే లేదు.

ముందు దారి సంగతి. రెండిటికీ మైసూరు మీదుగానే వెళ్తాం, దూరం కూడా ఇంచుమించు ఒకటే, 250 నుంచి 280 కిలోమీటర్లు. కాకపోతే శుక్రవారం సాయంత్రం లాగౌట్ చేసి వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్‌లో పడి బయటపడే మనలాంటి వాళ్లకి ఊటీ దారిలో ఒక తిరకాసు ఉంది, బందీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బళ్లు వదలరు, కాబట్టి మైసూరులోనో గుండ్లుపేటలోనో పడుకోవాలి, లేదంటే తెల్లవారుజామున బయల్దేరాలి. హుణసూరు, కుశాలనగర మీదుగా కూర్గ్‌లోని ముఖ్య పట్టణం మడికేరి వెళ్లేవాళ్లకి ఆ బాధ లేదు. ఊటీకి 2024 మే నుంచి ఈ-పాస్ కూడా ఉంది, మద్రాసు హైకోర్టు చెప్తే పెట్టారు. ఆన్‌లైన్‌లో తీసుకోవడం పెద్ద పనేం కాదు గానీ సీజన్లో రోజుకి ఇన్ని బళ్లే అని లిమిట్ పెట్టారు కాబట్టి ముందే చూసుకోండి. మసినగుడి నుంచి పైకెక్కే కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ బెండ్లు ఉంటాయి, తిరుగు ప్రయాణంలో బయటి బళ్లని అటు దిగనివ్వరు, గూడలూరు మీదుగా రావాల్సిందే.

ఇక తిండి. కూర్గ్‌లో మెయిన్ రోడ్డు మీది హోటళ్లలో కూర్చుంటే బెంగళూరులో దొరికే గోబీ మంచూరియానే అక్కడా తింటారు, దానికి అంత దూరం ఎందుకండీ. కొడవలు అంటే కూర్గ్ స్థానికులు, వాళ్ల కుటుంబం నడిపే హోమ్‌స్టేలో దిగండి, బుక్ చేసేటప్పుడే "మీరు ఇంట్లో తినేదే మాకూ పెట్టండి" అని అడగండి. పొద్దున బియ్యప్పిండి సేమ్యాలా ఉండే నూల్‌పుట్టో, బియ్యపు రొట్టె అక్కి ఒట్టో, మధ్యాహ్నం బియ్యపు రవ్వ ఉండలు ఆవిరి మీద ఉడికించిన కడంబుట్టు, పక్కన పంది కర్రీ. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఆవాలు, మెంతులు దాదాపు నల్లబడేదాకా వేయించి పొడి కొడతారు, చివర్లో కచంపులి వేస్తారు. ఈ కచంపులే అసలు సంగతి. ఒకరకం పుల్లటి అడవి పండు, దాని నుంచి కారిన రసాన్ని తారులా చిక్కగా నల్లగా అయ్యేదాకా మరిగిస్తారు, కూర మొత్తానికి చెంచా రెండు చెంచాలు చాలు. మన చింతపండు పులుపు నాలుక మీదే తెలిసిపోతుంది, ఇది మాత్రం ముద్ద మింగాక గొంతులో మెల్లగా తెలుస్తుంది, కాస్త పొగ వాసన కూడా ఉంటుంది.

పంది అనగానే మొహం తిప్పుకునే ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి, మా అత్తగారి ముందైతే ఆ మాటే ఎత్తకూడదు. ఫర్లేదు, అదే కడంబుట్టుతో కోడికూర పెడతారు. శాకాహారులకి వానాకాలంలో వెదురు కొమ్ములతో బైంబళె కర్రీ, అడవి పుట్టగొడుగులతో కుమ్ము కర్రీ ఉంటాయి, ఈ రెండోది రుచి చూసినవాళ్లు నాన్‌వెజ్ గొడవ పక్కన పెట్టేస్తారు. అప్పుడు వెళ్తే జలగలకి సిద్ధపడి వెళ్లండి, ఉప్పు జేబులో పెట్టుకోండి.

కొనుక్కోడానికి మాత్రం కూర్గ్ కొంచెం నిరాశే. టౌన్‌లో అడుగడుక్కీ ఉండే షాపుల్లో హోమ్‌మేడ్ చాక్లెట్, హోమ్‌మేడ్ వైన్, జీడిపప్పు, ఖర్జూరం అమ్ముతారు, ఖర్జూరం ఏ కూర్గ్ తోటలో కాస్తుందో నాకైతే అర్థం కాదు. కొంటే మిరియాలు, యాలకులు, కచంపులి, కాఫీ పొడి కొనండి. కూర్గ్ అరబికా కాఫీకి 2019లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకే అనే గుర్తింపు వచ్చింది, కానీ ప్యాకెట్ మీద కూర్గ్ అని ఉంటే సరిపోదు, కాఫీలో కలిపే చికోరీ ఎంత శాతమో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదివి తీసుకోండి. చేతిపని లేదని కాదు, నడుముకి పెట్టుకునే వెండి పనితనం ఉన్న పీచె కత్తి, ఆడవాళ్లు మెడలో వేసుకునే జోమాలె హారం, కుచ్చిళ్లు వెనక్కి పెట్టి కట్టే చీర అన్నీ ఉన్నాయి, కానీ అవి వాళ్ల పెళ్లిళ్లలో చూడాల్సినవి, టూరిస్టు కోసం అంగట్లో పెట్టినవి కావు. కుశాలనగర పక్కన బైలకుప్పెలో టిబెటన్ తివాచీలు, మోమోలు దొరుకుతాయి, అవి బాగుంటాయి గానీ కొడగువి కావు, పైగా ఆ ఊరు ఉన్నది మైసూరు జిల్లాలో.

నీలగిరిలో దీనికి సరిగ్గా ఉల్టా. అక్కడి తోడా గిరిజనుల ఎంబ్రాయిడరీ ఒక్కటి చాలు ట్రిప్పుకి. తెల్లటి ముతక నూలు బట్ట మీద ఎరుపు, నలుపు దారాలు, అంతే, మూడో రంగు సాధారణంగా కనపడదు. బట్ట మీద ముందుగా బొమ్మ గీసుకోవడం ఉండదు, ఫ్రేమ్ ఉండదు, తోడా ఆడవాళ్లు నేతలోని పోగులు లెక్కపెట్టుకుంటూ సూది దింపుతారు. దగ్గరగా పట్టుకుని వేలితో తడిమితే గళ్లు ఉబ్బెత్తుగా తగులుతాయి, దూరం నుంచి మాత్రం నేతలోనే వచ్చిన డిజైన్‌లా ఉంటుంది. 2013లో దీనికి జీఐ వచ్చాక అదే డిజైన్ ప్రింట్ చేసిన శాలువాలు కూడా షాపుల్లో కలిపేస్తున్నారు, అమ్మేవాడు ఎంత ఒట్టేసినా మీరు బట్ట తిరగేసి చూడండి. అసలుదైతే రెండు వైపులా కప్పుకోవచ్చు, ప్రింటుదైతే వెనక వెలవెలబోతూ ఉంటుంది. ధర ఎక్కువే, ఒక్క శాలువా పనికి వారాలు పడుతుంది మరి. ఊటీ మార్కెట్లో బేరాలాడే బదులు నీలగిరిలోనే ఉన్న కోటగిరి ఊరికి వెళ్లండి, అక్కడ లాస్ట్ ఫారెస్ట్ షాపులో తోడా పనితోపాటు కొండ తేనె కూడా పెడతారు. నన్నడిగితే బస కూడా ఊటీలో కాదు, కోటగిరిలోనే.

తిండి దగ్గరికి వచ్చేసరికి నీలగిరి వెనకపడుతుంది. అక్కడి స్థానికులైన బడగల ఇళ్లల్లో రాగి ముద్ద, అనపగింజల కూర ఉంటాయి, ఆ ఇంటి మనిషి ఎవరైనా తెలిస్తే తప్ప అవి మనదాకా రావు, హోటల్లో అడిగితే దోసె, పరోటా చూపిస్తారు. ఊటీ వర్కీ మాత్రం వదలొద్దు, పొరలు పొరలుగా కరకరలాడే ఆ బిస్కెట్‌ని వేడి టీలో ముంచుకుని తినాలి, ఇంటికి తెచ్చాక ఆ రుచి సగం పోతుంది.

సరే, ఏది మేలు అంటే నా ఓటు కూర్గ్‌కే. చేతిపని మన ఊరికి వస్తుంది, బెంగళూరులో చిత్రకళా పరిషత్ మేళాల్లో తోడా శాలువా అప్పుడప్పుడు కనపడుతూనే ఉంటుంది. కొడవ ఇంటి వంటింట్లోంచి వేడిగా వచ్చే కడంబుట్టు మాత్రం అక్కడికి వెళ్తేనే. కూర్గ్ రెస్టారెంట్లు ఇక్కడా ఉన్నాయి కదా అంటారేమో, ఉన్నాయి, పంది కర్రీ కూడా బానే చేస్తారు, ఆ వానలో ఆ పుట్టగొడుగులు వాళ్లెక్కణ్ణుంచి తెస్తారు.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే మాత్రం నీలగిరికే వెళ్లండి, కొండ రైలు కోసమైనా. 1908కల్లా ఊటీ దాకా వేసిన లైను అది, 2005లో యునెస్కో జాబితాలో చేరింది. పట్టాల మధ్య ఉన్న దంతాల పట్టీని పట్టుకునే పళ్ల చక్రంతో ఎక్కే భాగం కల్లార్ నుంచి కూనూర్ దాకానే, ఊటీ కూనూర్ మధ్య ఎక్కితే అది చూడలేరు, పిల్లలు మాత్రం దానికీ కేరింతలు కొడతారు.

చిక్కమగళూరు అంటారా, ట్రెక్కింగ్ చేసేవాళ్లకి బాగుంటుంది, కాఫీ కూడా ఉంది, అంతకుమించి నాకు పెద్దగా ఎక్కలేదు. మన అరకు సంగతి వేరు, బొంగు చికెన్, థింసా, సొరంగాల్లోంచి పోయే రైలు, నవంబరు డిసెంబరుల్లో పసుపుపచ్చగా విరగబూసే వలిసె పూలు, దేనికీ తీసిపోదు. కానీ బెంగళూరు నుంచి వైజాగ్ చేరడానికే రాత్రంతా పోతుంది, రెండ్రోజుల సెలవుకి కుదరదు. వైజాగ్ సైడు వాళ్లయితే ఊరెళ్లినప్పుడు ఒకరోజు కలుపుకోండి.