కాలర్ పట్టు: రెండున్నరేళ్లు వాడాక నా మాట

బ్రెజిలియన్ జియు-జిట్సు, అంటే ఎక్కువగా నేల మీద పట్లతో సాగే కుస్తీ, మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. అందులో మొదటి ఏడాదిన్నర నేను నిలబడి ఆడిందే లేదు. చేతులు కలపడం, వెంటనే కింద కూర్చుని ఎదుటివాణ్ని నా కాళ్ల మధ్యకి లాక్కోవడం (గార్డ్ పుల్ అంటారు), అంతే. నా వయసు 38, బరువు 68 కిలోలు. ఒంగోలులో కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడుతూ ఎడమ మోకాలికి దెబ్బ తగిలించుకున్నాను. డబుల్ లెగ్ (ఎదుటివాడి రెండు కాళ్లూ పట్టి పడగొట్టడం) కోసం కిందికి దూకితే ఆ మోకాలు రెండు రోజులు మాట వినదు. టేక్‌డౌన్లు, అంటే నిలబడ్డవాణ్ని పడగొట్టడం, నా వల్ల కావని అప్పట్లో గట్టిగా నమ్మేశాను. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పొద్దున ఆరున్నర బ్యాచ్‌కి వెళ్తాను. అక్కడ కోచ్ ఒకరోజు "నువ్వు కాళ్ల మీదికి వెళ్లొద్దు, కాలర్ నుంచి మొదలుపెట్టు" అన్నారు. రెండున్నరేళ్లుగా అదే చేస్తున్నాను. నాలాంటి వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు పట్టు సంగతి. నా కుడి చేత్తో ఎదుటివాడి గీ (ఈ ఆటలో వేసుకునే మందపాటి కోటు) ఎడమ కాలర్ పట్టుకుంటాను. నాలుగు వేళ్లు లోపల, బొటనవేలు బయట, ఎత్తు సరిగ్గా కాలర్‌బోన్ దగ్గర. అంతకన్నా కిందికి పట్టుకుంటే బట్టే కదులుతుంది, మనిషి కదలడు. మెడ దాకా పైకి వెళ్తే తల బాగా చేతిలోకి వస్తుంది కానీ, అంత దగ్గరికి వెళ్లేసరికి నా నడుం వాళ్లకు అందుతుంది. మోచేయి కిందికి దించి నా పక్కటెముకల దగ్గర ఉంచుతాను. బిగువంతా చిటికెన వేలు, ఉంగరపు వేళ్లలోనే ఉండాలి. చూపుడు వేలు ఊరికే ఆనుకుని ఉంటే చాలు. ఈ చిన్న విషయం తెలుసుకోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

ఎందుకంటే ఆ ఐదు నెలలూ నేను ఉడుంపట్టు పట్టాను. దొరికిన కాలర్ వదిలితే మళ్లీ దొరకదన్న భయం. రెండు నిమిషాలకే ముంజేయి రాయిలా బిగుసుకుపోయేది, ఆరు నిమిషాల రౌండ్‌లో మిగతాదంతా చెయ్యి పనిచేయకుండా ఆడేవాణ్ని. నా పార్ట్‌నర్‌ది అనంతపురం, బెళ్లందూరులో ఉద్యోగం, 90 కిలోల మనిషి. రౌండ్ అయ్యాక నీళ్లు తాగుతూ ఒకసారి అన్నాడు: "ఏందన్నా, అంత గట్టిగా పట్టుకుంటే నీ చెయ్యి ఎటు పోతాదో నాకు ముందే తెలిసిపోతాది." నాకు ఏ వీడియో చూసినా అర్థం కానిది ఆ మాటతో అర్థమైంది. బిగుసుకున్న చెయ్యి నా ఆలోచన మొత్తాన్ని అవతలివాడికి చెప్పేస్తుంది. పైగా మోచేయి చాచి బిగించి పట్టుకుంటే ఆ చేతినే లాగి నా వీపు మీదికి వచ్చేస్తారు. నాకు చాలాసార్లు అయింది.

మన భాషలో పట్టువిడుపులు అంటాం. కాలర్ ఆట మొత్తం ఆ మాటలోనే ఉంది. ముంజేతిని అతని ఛాతీకి ఆనించి కొంచెం తోస్తాను. ఎవరైనా తిరిగి తోస్తారు, అది ఒంటి స్వభావం. అతను తోసే క్షణంలో నేను తోయడం ఆపేసి, ఎడమ వైపు ఏటవాలుగా వెనక్కి ఒక అడుగు వేస్తాను. ఇంకా తోస్తూనే ఉన్న మనిషి పడకుండా ఆపుకోవడానికి కుడి కాలు ముందుకు వేస్తాడు. నాకు కావాల్సింది ఆ ఒక్క అడుగు. జూడోలో దీన్ని కుజుషి అంటారు, సమతూకం చెదరగొట్టడం. జూడో మొదలుపెట్టిన జిగోరో కానో 1882లో కోడోకాన్ అనే బడి పెట్టి నేర్పిన విద్య, 1914లో ఆ బడివాడే అయిన మయెడా బ్రెజిల్‌కి తీసుకెళ్లిన విద్య, ఈ అడుగు మీదే నిలబడి ఉందనిపిస్తుంది నాకు.

ఒక శనివారం పొద్దున అదే అనంతపురం కుర్రాడితో జరిగింది. రెండుసార్లు తోశాను, రెండుసార్లూ నన్ను వెనక్కి నెట్టాడు. మూడోసారి వదిలి పక్కకు జరిగాను. అతని కుడి పాదం నా ముందు పడింది. మడమ నేలకు ఆనిన చప్పుడు విన్నాను, బరువంతా అందులో ఉందని అర్థమైంది. నా మంచి మోకాలు మెల్లగా మ్యాట్‌కి ఆనించి, ఎడమ అరచెయ్యి ఆ మడమ వెనక అడ్డం పెట్టాను. కాలు ఎత్తలేదు, ఎత్తాల్సిన పని లేదు. కాలర్ పట్టుకున్న చేత్తో అతని భుజాన్ని ఆ మడమ మీదుగా వెనక్కి నడిపించాను. 90 కిలోల మనిషి కుర్చీ లాగేసినట్టు కూలబడ్డాడు. నా మోకాలికి నొప్పి లేదు. ఇంటికి వెళ్లేదాకా, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో కూడా, ఆ మడమే గుర్తొస్తూ ఉంది.

ఇదే అడుగు మీద కోఉచి గారి అనే జూడో పట్టు కూడా వేస్తాను, అతని పాదం ఆనబోతుండగా నా పాదంతో లోపలి వైపు నుంచి కోసినట్టు. అడ్డ కాలర్, అంటే నా కుడి చేత్తో అతని కుడి కాలర్ పట్టి లాగే కాలర్ డ్రాగ్ కూడా నేర్చుకున్నాను. బాగా వంగి నిలబడేవాళ్ల మీద అది పనిచేస్తుంది. నా వాడకంలో పదికి ఏడుసార్లు మడమ పట్టుకోవడమే. జూడో నుంచి వచ్చినవాళ్లు మాత్రం దీనికి తొందరగా దొరుకుతారు. అంతర్జాతీయ జూడోలో 2010లో కాళ్లు పట్టుకోవడం మీద ఆంక్షలు వచ్చాయి, 2013 నుంచి పూర్తిగా నిషేధం. కాలర్ దగ్గర వాళ్లు నాకన్నా ఎంతో మెరుగు, కాళ్ల దగ్గర మాత్రం కాపలా తక్కువ.

పోటీకి వెళ్లేవాళ్లకు ఒక మాట. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య) నియమాల్లో టేక్‌డౌన్‌కి 2 పాయింట్లు, కానీ పైన మూడు సెకన్లు నిలబెట్టుకోవాలి. పడగొట్టాక కూడా కాలర్ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఆ మూడు సెకన్లు సులువుగా గడుస్తాయి. నాకు బాగా నచ్చింది ఇదే. స్లీవ్ చివర లోపలికి వేళ్లు దూర్చితే ఫౌల్, కాలర్ లోపలికి పెట్టొచ్చు.

ఇక కష్టాలు. వేళ్లు. పొద్దున లేవగానే ఉంగరపు వేలు మధ్య కణుపు వాచి ఉంటుంది, టూత్‌పేస్ట్ మూత తిప్పడానికి ఎడమ చెయ్యి వాడతాను. నిరుడు ఒక పార్ట్‌నర్ గిరుక్కున తిరిగినప్పుడు వదలాల్సిన చోట వదల్లేదు, వేలు బెణికి మూడు వారాలు కీబోర్డు మీద తొమ్మిది వేళ్లతో పనిచేశాను. అప్పటి నుంచి టేప్ లేకుండా మ్యాట్ ఎక్కను. కాలర్ పట్టుకోగానే కూర్చునేవాళ్ల మీద ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. గీ లేని క్లాసులో అసలు లేదు, అక్కడ మెడ వెనక చెయ్యి వేసి ఇదే అడుగు రాబట్టాలి. అది నాకు ఇంకా సరిగా రాలేదు.

గీ గురించి కూడా చెప్పాలి. 550 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో) మందపు గీ ఒకటి కొన్నాను, అవతలివాళ్లకు నా కాలర్ పట్టుకోవడం కష్టమని. నిజంగానే కష్టం. కానీ బెంగళూరు వానాకాలంలో బాల్కనీలో రెండు రోజులైనా ఆ కాలర్ ఆరదు, వాసన పట్టేస్తుంది. ఇప్పుడు 350ది రోజూ వాడకానికి, మందపుది శనివారానికి.

రెండు నెలలుగా ఎడమ చేత్తో మొదలుపెట్టాను. తోయడం వస్తోంది, వదలడం రావట్లేదు. అనంతపురం కుర్రాడు ఈ మధ్య కావాలనే ఎడమ కాలు ముందుంచి నిలబడుతున్నాడు, "రా అన్నా, ఈ పక్క పట్టు" అంటూ.