రెజిన్ పనికి రంగులు: పేస్టు, మైకా, ఇంకు – విశాఖ గాలిలో వాడి చూశాక

రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ రెజిన్‌తో ట్రేలు, గోడ గడియారాలు, కోస్టర్లు (గ్లాసు కింద పెట్టే పలకలు), పూజగది పళ్లేలు చేసేవారు ఏ రెజిన్ కొనాలన్న విషయంలో ఎంతో విచారిస్తారు గానీ, రంగు దగ్గరకు వచ్చేసరికి పాతికో ముప్పయ్యో చిన్న డబ్బాలున్న మైకా పెట్టె ఒకటి తెప్పించుకుని ఊరుకుంటారు. విశాఖపట్నంలో సముద్రపు గాలి నేరుగా తగిలే ఇంట్లో ఏళ్ల తరబడి ఈ పని చేస్తూ నేను ప్రధానంగా మూడు రకాల రంగులు వాడాను: పిగ్మెంట్‌ను, అంటే కరగని రంగు పొడిని, ద్రవంలో మెత్తగా నూరి ఇచ్చే పేస్టు, మెరుపునిచ్చే మైకా పొడి, ఆల్కహాల్ ఇంకు. ఈ సమీక్ష ఆ మూడు రకాల గుణదోషాల గురించే తప్ప ఏదో ఒక కంపెనీ సరుకు గురించి కాదు. నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఖర్చు చూసుకోవలసినవారు ఆ పెద్ద పెట్టె మానుకుని తెలుపు, నలుపు, థాలో నీలం, థాలో ఆకుపచ్చ (థాలో అంటే థాలోసయనిన్ అనే కృత్రిమ పిగ్మెంట్), ఐరన్ ఆక్సైడ్ ఎరుపు, ఐరన్ ఆక్సైడ్ పసుపు అనే ఆరు పేస్టులూ, ముత్యపు తెలుపు, బంగారు రంగు మైకాలు ఒక్కొక్కటీ కొనుక్కుంటే చాలావరకు పని జరిగిపోతుంది.

పేస్టు కొనేటప్పుడు నేను డబ్బా మీది అందమైన పేరును కాక దాని వెనుక కలర్ ఇండెక్స్ గుర్తు, అంటే లోపలి పిగ్మెంట్ ఏదో తెలిపే సంకేతం, ఉందా లేదా అని చూస్తాను. పీడబ్ల్యూ 6 అంటే టైటానియం డయాక్సైడ్ తెలుపు, పీబీ 15 అంటే థాలో నీలం, పీజీ 7 అంటే థాలో ఆకుపచ్చ, పీఆర్ 101, పీవై 42 అంటే ఐరన్ ఆక్సైడ్ ఎరుపు, పసుపు. ‘ఓషన్ బ్లూ’, ‘రాయల్ బ్లూ’ వంటి పేర్లు లోపల ఏముందో చెప్పవు; ఈ గుర్తులు చెబుతాయి. గుర్తు లేని డబ్బాలో రెండు మూడు పిగ్మెంట్లు ముందే కలిపి ఉండవచ్చు కాబట్టి, దానికి మనం ఇంకో రంగు జతచేస్తే వచ్చే ఫలితం మన చేతిలో ఉండదు.

తెలుపు విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. పొడిగా ఉన్నప్పుడు ముగ్గుపిండి, సుద్ద కూడా తెల్లగానే కనిపిస్తాయి, కానీ రెజిన్‌లో కలిపితే ఆ తెలుపు మాయమై మసకగా, సగం పారదర్శకంగా మిగులుతుంది. దీనికి కారణం వక్రీభవన గుణకం, అంటే ఒక పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య. గట్టిపడిన ఎపాక్సీకి అది సుమారు 1.5 నుంచి 1.6 వరకు ఉంటుంది; సుద్ద కూడా ఇంచుమించు ఆ దగ్గరే ఉండటం వల్ల కాంతి దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. రూటైల్ రకం టైటానియం డయాక్సైడ్‌కు అది 2.7 దాకా ఉంటుంది కనుక కాంతి లోపలికి పోకుండా వెనక్కి చెదురుతుంది, అడుగు కనపడకుండా కప్పేస్తుంది. చవక తెలుపు పేస్టుల్లో సుద్ద పాలు ఎక్కువైతే, చెక్క మీద పోసినప్పుడు చెక్క చారలు తెలుపులోంచి తొంగిచూస్తాయి. భీమునిపట్నం తీరంలో అలలు వేరుచేసి వదిలే నల్ల ఇసుకలో ఇల్మనైట్ ఉంటుంది. టైటానియం తెలుపు తయారీకి ముడిసరుకుగా వాడే ఖనిజాల్లో అదొకటి. అంత నల్లని ఇసుక నుంచి అంత కప్పే తెలుపు రావడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఇదే సూత్రం అల్ట్రామెరైన్ నీలానికీ వర్తిస్తుంది. పూర్వం తెల్లబట్టలకు పెట్టిన నీలం పొడిలో ఉండేది చాలావరకు ఇదే. సీసాలో చూస్తే కళ్లు చెదిరే నీలం. దాని వక్రీభవన గుణకమూ 1.5 దగ్గరే కావడంతో రెజిన్‌లో పడగానే లోతుగా, దాదాపు నల్లగా మారుతుంది. పొడి రంగును చూసి మురిసి కొన్నవారు నిరాశపడతారు. నిజానికి అది చెడ్డ రంగు కాదు, రవ్వంత తెలుపు తగిలిస్తే మళ్లీ తేరుకుంటుంది. థాలో నీలానిది మరో స్వభావం. దాని బలం ఎంతటిదంటే, 100 గ్రాముల రెజిన్‌కు అగ్గిపుల్ల కొనతో తీసినంత చాలు. చెంచాతో వేసేవారు ఆ తర్వాత దాన్ని లేతపరచడానికి తెలుపు మీద తెలుపు పోస్తూ పోతారు.

విశాఖలో ఈ పని చేసేవారికి ఎక్కువగా వచ్చే కోరిక సముద్రమే, అందులోనూ మన సముద్రమే కావాలంటారు. పెట్టెల్లో దొరికే సముద్రపు నీలాలు ఎక్కడివో పగడపు దీవుల నీళ్లకు సరిపోతాయి గానీ ఆర్కే బీచ్‌కో రుషికొండకో కుదరవు. ఒడ్డు దగ్గర మన నీటిలో ఇసుక కలిసిన పచ్చదనం ఉంటుంది, దూరం పోయేకొద్దీ నీలం చిక్కబడుతుంది. నేను లోతు నీటికి థాలో నీలంలో ఇసుమంత నలుపు కలుపుతాను. మధ్య భాగానికి నీలంలో థాలో ఆకుపచ్చ చేర్చి తెలుపు అస్సలు వేయను, ఎందుకంటే పారదర్శకంగా ఉంటేనే అక్కడ లోతు కనిపిస్తుంది. ఒడ్డు దగ్గర పచ్చ పాలు పెంచి, ఐరన్ ఆక్సైడ్ పసుపు కొద్దిగా, తెలుపు అంతకన్నా కొద్దిగా కలుపుతాను. నురగకు మాత్రం చిక్కని తెలుపు పేస్టే వాడాలి. ముత్యపు తెలుపు మైకాతో నురగ వేస్తే అల ఆకారం కోసం ఊదే హీట్ గన్ వేడిగాలికి అది పల్చబడి పొగలా కనిపిస్తుంది తప్ప అల అంచులా నిలవదు.

ఇక మైకా. దీన్ని మనం అభ్రకం అంటాం. మన రాష్ట్రంలో గూడూరు ప్రాంతం అభ్రకానికి ఎప్పటినుంచో పేరున్నదే. రెజిన్ పనికి వచ్చే పొడి మాత్రం ఉట్టి అభ్రకం కాదు. సన్నని అభ్రకపు రేకుల మీద టైటానియం డయాక్సైడ్ లేదా ఐరన్ ఆక్సైడ్ పూత పూస్తారు, ఆ పూత పైనుంచీ కిందినుంచీ తిరిగొచ్చే కాంతి కలిసినప్పుడు పూత మందాన్ని బట్టి రంగు పుడుతుంది. కొన్ని పొడులకు ఆ పూత పైన వేరే రంగును కూడా అద్దుతారు. ఈ తేడా తెలుసుకోవడం వల్ల నాకు చాలా మేలు జరిగింది. ఐరన్ ఆక్సైడ్ పూతతో వచ్చే బంగారు, రాగి, కంచు రంగులు కిటికీ పక్కన ఏళ్లు ఉన్నా మారలేదు. పైన అద్దిన గులాబీ, ఊదా రంగుల్లో కొన్ని మాత్రం వెలిసి, చివరకు కింద ఉన్న వెండి మెరుపే మిగిలింది.

మైకాతో రెండు చిక్కులున్నాయి. మొదటిది అడుగుకు చేరడం. రెజిన్ సాంద్రత సుమారు 1.1 అయితే అభ్రకానిది 2.8 దాకా ఉంటుంది. రేకు పెద్దదయ్యేకొద్దీ అది దిగే వేగం పరిమాణపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి, ముతక మెరుపు పొడి నున్నని పొడికన్నా ఎన్నో రెట్లు తొందరగా దిగిపోతుంది. లోతైన అచ్చుల కోసం చేసే పల్చని క్యాస్టింగ్ రెజిన్ గట్టిపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుంటుంది. అంతసేపట్లో పైభాగం తేట నీరులాగా, అడుగు మడ్డిలాగా తయారవుతుంది. పరిష్కారం ఒక్కటే: కలిపిన రెజిన్‌ను గిన్నెలోనే ఆపి, అది తేనెపాకం వచ్చినంత చిక్కబడ్డాక మరోసారి మెల్లగా కలిపి పోయాలి. రెండో చిక్కు రంగుల మిశ్రమం. నీలం పేస్టు, పసుపు పేస్టు కలిపితే ఆకుపచ్చ వస్తుంది. నీలం మైకా, పసుపు మైకా కలిపితే ఏ రేకు దాని కాంతిని అది వెనక్కి పంపుతుంది కాబట్టి, చాలాసార్లు బూడిద తిరిగిన మెరుపు తప్ప నిండైన ఆకుపచ్చ రాదు. అందుకే మైకాలను ఒకదానితో ఒకటి కలపడం మానేశాను. పేస్టుతో కావలసిన రంగు తెచ్చుకుని, మెరుపు కోసం పైన ఒక మైకా జతచేస్తాను. నల్లని అడుగు మీద ముత్యపు మైకా ఎంత నిండుగా మెరుస్తుందో, తెల్లని అడుగు మీద అంత వెలవెలబోతుంది.

ఆల్కహాల్ ఇంకు గురించి క్లుప్తంగా చెబితే చాలు. అందులో ఉండేది చాలావరకు పిగ్మెంట్ కాదు, కరిగే రంగు. గాజులా పారదర్శకమైన రంగు కావాలంటే దానికి సాటి లేదు, కానీ ఎండ పడే చోట పెట్టే వస్తువుకు అది పనికిరాదు. ఎక్కువ చుక్కలు వేస్తే రెజిన్ సరిగా గట్టిపడదు. ఫ్లోరోసెంట్ రంగులు ఎండకు ఇంకా తొందరగా వెలుస్తాయి. స్కూలు పిల్లల ఆక్రిలిక్ రంగుల్లో నీరు ఉంటుంది. ఎపాక్సీకి నీరు పడదు.

కలిపే పద్ధతిలో ఈ ఊరి వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. రంగును ఎప్పుడూ ముందు రెజిన్ భాగంలోనే కలుపుతాను, ఎందుకంటే దాన్ని గట్టిపరిచే రెండో ద్రవం, అంటే హార్డెనర్, పడనంతవరకు గడియారం మొదలుకాదు. ముద్దలు విడిపోయేదాకా తీరిగ్గా కలుపుకోవచ్చు. హార్డెనర్ లెక్కను రెజిన్ బరువు మీదే కట్టాలి, రంగు బరువును అందులో చేర్చకూడదు. పేస్టు మొత్తం బరువులో ఒకటి రెండు శాతం, మైకా మూడు నాలుగు శాతం సరిపోతాయి. అన్నీ కలిపి ఐదారు శాతం దాటితే గట్టిదనం దెబ్బతింటుంది. 0.1 గ్రాము వరకు చూపే చిన్న కాటా లేకుండా ఒకే రంగును రెండోసారి తేవడం అసాధ్యం. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే పోయడానికి ఉండే వ్యవధి సుమారు సగమవుతుంది కాబట్టి, మే నెలలో నేను రెండు మూడు రంగులకు మించి ఒకేసారి కలపను.

తేమది మరో కథ. హార్డెనర్‌లోని అమీన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ చర్య జరిపి పైన జిడ్డులాంటి తెల్లని పొర కడతాయి. లేత రంగుల మీద అది కనపడదు. నలుపు, ముదురు నీలం మీద మాత్రం అద్దానికి ఆవిరి పట్టినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గోరువెచ్చని నీటితో మెత్తగా రుద్ది కడిగి, పూర్తిగా ఆరాకే రెండో పూత వేయాలి. వానాకాలంలో నల్లని వస్తువుల పనిని నేను ఏసీ గది దొరికే రోజుకు వాయిదా వేస్తాను.

పూజాద్రవ్యాలను రెజిన్‌లో వేయమని అడిగేవారు చాలామంది. పసుపును రెజిన్ భాగంలో కలిపినప్పుడు బంగారంలా ఉంటుంది. హార్డెనర్ పడగానే ఎర్రబారుతుంది. అమీన్లకు క్షారగుణం ఉండటమే దీనికి కారణం. పసుపుకు సున్నం తగిలిస్తే కుంకుమ అయ్యేది కూడా ఇదే చర్య వల్ల. పైగా పసుపు ఎండకు నిలిచేది కాదు. ఏటికొప్పాక బొమ్మల మీద సహజ రంగులు అంత అందంగా ఉన్నాయి కదా, ఇక్కడెందుకు ఉండవని అడుగుతారు. అక్కడ రంగు లక్కలో కలుస్తుంది, లక్కలో ఈ హార్డెనర్ ఉండదు. పసుపు రంగే కావలసినవారికి నేను ఐరన్ ఆక్సైడ్ పసుపు వాడి, అసలు పసుపును పళ్లెం తయారయ్యాక పైన పెట్టుకోమంటాను. ఎర్రమట్టి దిబ్బల రంగు కావాలన్నా ఐరన్ ఆక్సైడే దిక్కు. అక్కడి ఎరుపూ ఇనుప ఆక్సైడ్ వల్ల వచ్చినదే, ఆ దిబ్బలు రక్షిత భౌగోళిక వారసత్వ ప్రదేశం కనుక మట్టి తీసుకురావడం తగదు.

తెలుపుకు సంబంధించి చివరిగా ఒక లోపం చెప్పాలి, ఇది పిగ్మెంట్‌ది కాదు, రెజిన్‌ది. ఎపాక్సీ ఎండకు పసుపుబారుతుంది, యూవీ రక్షణ ఉన్న రకమైనా ఆలస్యంగానైనా బారుతుంది. ఆ పసుపు తెలుపును మీగడ రంగుగా, లేత నీలాన్ని పచ్చగా మారుస్తుంది. గోధుమ, బంగారు, ఆకుపచ్చ, నలుపు రంగుల్లో ఎవరికీ తెలియకుండా కలిసిపోతుంది. బాల్కనీలో, తూర్పు కిటికీలో పెట్టే వస్తువు అడిగినవారికి నేను గోధుమ, బంగారు వంటి ఈ రంగులే సూచిస్తాను. నలుపుకు ఒక్క షరతు: ఎండలో అది బాగా వేడెక్కుతుంది, సాధారణ క్రాఫ్ట్ రెజిన్ 50 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడటం మొదలుపెడుతుంది కాబట్టి, నల్లని ట్రేను కారులో గానీ మేడ మీద గానీ వదిలితే వంగిపోతుంది. పొగలు కక్కే కాఫీ గ్లాసు పెడితే ఏ రంగు కోస్టర్ మీదైనా మచ్చ పడుతుంది. అధిక ఉష్ణోగ్రతకు తట్టుకునే రెజిన్ విడిగా దొరుకుతుంది, కోస్టర్లకు అదే తీసుకోవాలి.

పొడులు తూచేటప్పుడు ఫ్యాను ఆపి మాస్కు పెట్టుకోవాలి, నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. డబ్బాల్లో సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి ఉంచితే మన తేమకు మైకా ఉండలు కట్టదు.