ఐటీఐ మోటార్ మెకానిక్ కోర్సు: పదిహేనేళ్లు వాడాక నా రివ్యూ

ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ పూర్తి చేసి పదిహేనేళ్లు దాటింది. అప్పటి నుంచి విజయవాడ ఆటోనగర్‌లోనే పని, మొదట ఒకరి షెడ్డులో, ఇప్పుడు సొంతంగా. ఫోన్‌కైతే కొన్న వారానికే రివ్యూ రాసేయొచ్చు గానీ, చదువు పనికొచ్చిందో లేదో తేలడానికి ఇన్నేళ్లు పట్టింది. పదో తరగతి రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, ఎవరో ఒకరు కొడుకుని వెంటబెట్టుకుని వస్తారు. "ఐటీఐలో వేయమంటావా, నీ దగ్గరే పెట్టుకుంటావా?" అని అడుగుతారు.

కోర్సులో బాగున్నది ఏంటో ముందు చెప్తా. మొదటి నెలల్లో ఇంజిన్ ముట్టుకోనివ్వరు. ఇనప ముక్కని వైస్‌లో బిగించి ఆకురాయితో రాస్తూ ఉండటమే పని. రాశాక ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకి ఎత్తి చూడాలి. సందులోంచి సన్నగా వెలుగు కనపడిందా, మళ్లీ మొదలు. చేతులు బొబ్బలెక్కేవి. ఆ తర్వాత వెర్నియర్, మైక్రోమీటర్, బోర్ గేజ్ లాంటి కొలిచే పనిముట్లు. మిల్లీమీటర్‌లో వందో వంతు దాకా చదవాలి. బండి రిపేరు నేర్పమంటే ఈ గీతల లెక్కేంటని క్లాసులో అందరం విసుక్కునేవాళ్లం. కోర్సు మొత్తంలో ఈ రోజుకీ నాకు అన్నం పెడుతున్నది ఆ గీతల లెక్కే.

ఒక ఉదాహరణ చెప్తా. ఒక డీజిల్ కారు రెండు షెడ్లు తిరిగి నా దగ్గరికొచ్చింది. రెండు చోట్లా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనుండే హెడ్డుకీ మధ్య లీకు కాకుండా వేసే పలక) మార్చారు. అయినా కొన్నాళ్లకే కూలెంట్ తగ్గిపోవడం, రేడియేటర్‌లో బుడగలు. హెడ్డు దించి, శుభ్రంగా గీకి, స్ట్రెయిట్ ఎడ్జ్‌ని నిలువుగా, అడ్డంగా, మూలలకి పెట్టి, సందు కొలిచే సన్నని రేకుల ఫీలర్ గేజ్‌తో చూశా. రెండో సిలిండర్‌కీ మూడోదానికీ మధ్య 0.10 మిల్లీమీటర్ల రేకు ఆగకుండా దూరిపోయింది. కంపెనీ ఇచ్చిన లిమిట్ అందులో సగమే. హెడ్డు వంగిపోయాక ఎన్ని గ్యాస్కెట్లు మారిస్తే ఏం లాభం? ఫేసింగ్ చేయించి (మెషిన్ మీద హెడ్డుని చదును చేయించి), కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు వేసి, ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రెంచితో మధ్య నుంచి బయటికి వరస ప్రకారం బిగించా. ఆ కంప్లయింట్ మళ్లీ రాలేదు. ఆ షెడ్ల వాళ్లు చేతకానివాళ్లేం కాదు, చేతి వేగంలో నాకంటే ముందుంటారు. కొలిచి చూడటం వాళ్లకి ఎవరూ నేర్పలేదు, అంతే.

ఇక బాగోలేనివి. నేను చదివిన చోట ఇరవై మందికి పైగా ఉన్న బ్యాచ్‌కి ఒకటే పెట్రోల్ ఇంజిన్. ఏళ్ల తరబడి ప్రతి బ్యాచ్ విప్పి బిగించి, బోల్టుల మరలు అరిగిపోయాయి. అది స్టార్ట్ అయిన చప్పుడు మాలో ఎవరూ వినలేదు. పెట్రోల్‌ని గాలితో కలిపే పాతకాలం కార్బురేటర్ మీద వారాల తరబడి పాఠాలు చెప్పారు. బయట కార్లన్నీ అప్పటికే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయి ఉన్నాయి. కొత్త డీజిల్ ఇంజిన్లలో ఉండే సీఆర్‌డీఐ ఇంజెక్షన్ మాకు గోడ మీద చార్టే.

అన్నిటికంటే పెద్ద లోటు, కంప్లయింట్ పట్టుకోవడం నేర్పలేదు. విప్పడం, బిగించడం వచ్చు గానీ, స్టార్ట్ కాని బండి ముందు నిలబడితే మొదట ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియదు. అది షెడ్డులో మా మేస్త్రి దగ్గరే నేర్చుకున్నా. నల్ల పొగైతే డీజిల్ ఎక్కువ పడుతోందా, గాలి సరిపోవట్లేదా చూడమనేవాడు. నీలం పొగైతే ఆయిల్ కాలుతున్నట్టే. కస్టమర్‌తో మాట్లాడటం, ఎస్టిమేట్ చెప్పడం కూడా ఆయన దగ్గర చూసిందే.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 పొగ రూల్స్ వచ్చాక పని తీరే మారింది. బండి కంప్యూటర్‌లో తప్పులు చదివే స్కానర్ ఇప్పుడు చాలా షెడ్లలో ఉంది. స్కానర్ ఒక సెన్సర్ పేరు చూపించగానే దాన్ని మార్చేయడం అలవాటైపోయింది. చాలాసార్లు తప్పు సెన్సర్‌ది కాదు, ఎలక తెంపిన వైరుదో నీళ్లు పట్టిన కనెక్టర్‌దో అయి ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి 5 వోల్టులు వస్తున్నాయా, ఎర్త్ సరిగ్గా ఉందా చూస్తే ఆ ఖర్చు తప్పుతుంది. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఓమ్ సూత్రం ఇక్కడ అక్కరకొచ్చింది. ఈ విషయంలో కోర్సుకి కొంచెం క్రెడిట్ ఇవ్వాలి.

కోర్సు అయ్యాక పనిచోట చేసే ట్రైనింగ్, అప్రెంటిస్‌షిప్ గురించి గట్టిగా చెప్తా. మీ రెండేళ్ల చదువు నిలబడేదీ పడిపోయేదీ అక్కడే. నన్ను ఒక డీలర్ వర్క్‌షాప్‌లో వేశారు. నెలలకు నెలలు వాటర్ సర్వీసింగ్, ఆయిల్ మార్పిడి తప్ప గేర్‌బాక్స్ విప్పనిచ్చిన పాపాన పోలేదు. అదే సమయంలో ఆర్టీసీ డిపోలో చేరిన నా ఫ్రెండ్ బ్రేకులు, క్లచ్, గేర్‌బాక్స్ అన్నీ చేతులతో చేశాడు. ఛాన్స్ ఉంటే ఆర్టీసీకే అప్లై చేయండి. స్టైపెండ్ కూడా అడిగి తీసుకోండి. 2019లో మార్చిన రూల్స్‌లోనే ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి నెలకి కనీసం 7,000 రూపాయలు అని పెట్టారు.

సర్టిఫికెట్ విలువ షెడ్డులో సున్నా, ఎవరూ అడగరు. కానీ ఆర్టీసీలో శ్రామిక్ పోస్టుకైనా, రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకైనా, పది తర్వాత ఐటీఐ చేసినవాడికి దారి ఉంటుంది. ఎంత పనొచ్చినా ఆ కాగితం లేని మేస్త్రికి ఉండదు.

నా మార్కులు ఐదుకి మూడున్నర. ఆ సగం మార్కు వైస్ దగ్గర గడిపిన నెలలకి.

చేరే ముందు పనిరోజున మధ్యాహ్నం వర్క్‌షాప్‌కి వెళ్లి చూడండి. కుర్రాళ్ల చేతులకి గ్రీజు ఉందా? స్టార్ట్ అయ్యే బండి ఒక్కటైనా ఉందా? ట్రేడ్‌కి కేంద్రం గుర్తింపు (ఒకప్పుడు ఎన్‌సీవీటీ, ఇప్పుడు ఎన్‌సీవీఈటీ) ఉందా? లారీలు, ట్రాక్టర్ల పనే కావాలంటే ఏడాది డీజిల్ మెకానిక్ ట్రేడ్ చాలు. కార్లైతే రెండేళ్లదే తీసుకోండి. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే: పగలు ఐటీఐకి వెళ్లు, ఆదివారాలు, సెలవుల్లో షెడ్డుకి రా, చేసిన రోజుకి కూలి ఇస్తా.