గంటస్తంభం దగ్గర కొన్న అణువుల పెట్టె

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక పుస్తకాల షాపులో, గోళీలూ పుల్లలతో అణువుల నమూనాలు కట్టే ఈ పెట్టె కొన్నాను, 480 రూపాయలు. కంపెనీ పేరేమీ లేదు. షాపాయన నా ముందే విప్పి లెక్కపెట్టుకోనిచ్చాడు: కార్బన్‌కు నల్ల గోళీలు 12, హైడ్రోజన్‌కు తెల్లవి 20, ఆక్సిజన్‌కు ఎర్రవి 6, నైట్రోజన్‌కు నీలివి 2, గట్టి పుల్లలు 30, వంగే పుల్లలు 4. ఇంటి దగ్గర పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. మూడు నెలలుగా రోజూ వాడుతున్నాం.

ఏటా నాకు టెన్షన్ పెట్టేది బ్యూటేన్, అంటే నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్ల అణువు. నాలుగు కార్బన్లను ఒకసారి వరసగా గీస్తారు, ఇంకోసారి చివరిదాన్ని కిందికి దించి గీస్తారు, రెండూ వేర్వేరు పదార్థాలని రాస్తారు. బోర్డు మీద ఎంత చెప్పినా తలూపుతారు గానీ నమ్మరు. ఈసారి బ్యూటేన్ కట్టించి, చివరి కార్బన్ పట్టుకుని తిప్పమన్నాను. ఒక్క పుల్లా ఊడలేదు, వరస కాస్తా వంగింది. "ఇదేటి టీచర్, రెండూ ఒకటే!" అంది వెనక కూర్చునే అమ్మాయి. అవే కార్బన్లు, హైడ్రోజన్లు వేరేగా అతికిన ఐసోబ్యూటేన్ మాత్రం ఎంత తిప్పినా రాలేదు. చివరి కార్బన్‌ను పీకి, దాని పక్కది కాక ఆ అవతలి కార్బన్‌కున్న ఒక హైడ్రోజన్ తీసి, రెండింటి చోట్లూ మార్చాల్సి వచ్చింది. బంధం తెగితే గానీ వేరే పదార్థం కాదని అప్పుడు అర్థమైంది వాళ్లకి. రెండూ పక్కపక్కన పెట్టాలంటే 8 కార్బన్లు, 20 హైడ్రోజన్లు, 26 పుల్లలు కావాలి. తెల్ల గోళీలు సరిగ్గా సరిపోయాయి.

నల్ల గోళీకి రంధ్రాలు నాలుగే కాబట్టి కార్బన్‌కు ఐదో గీత గీయడం మానేశారు. మీథేన్ కడితే మూడు కాళ్ల మీద చక్కగా నిలబడుతుంది. 1865లో లండన్‌లో హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త క్రోకే ఆట బంతులతో చూపించిన మీథేన్ బల్లపరుపుగా ఉండేది. రంగులు మాత్రం ఇప్పటికీ ఆయన వాడినవే.

తెల్ల గోళీలు కొన్ని వదులు, పుల్ల చివర కాగితం చుట్టాలి. ఒంటరి జంటలు (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలు) చూపే ముక్కలు లేవు. అందుకే నీళ్ల అణువు కట్టాక, నోట్‌బుక్‌లో ఆక్సిజన్ మీద నాలుగు చుక్కలు పెట్టిస్తాను. అసలు ఇబ్బంది వంగే పుల్లలతోనే. ఒక్కో ద్విబంధానికి, అంటే రెండు గీతల బంధానికి, ఇవి రెండేసి కావాలి. కార్బన్ డయాక్సైడ్‌కు నాలుగూ సరిపోతాయి. ఆరు కార్బన్ల వలయమైన బెంజీన్‌లో మూడు ద్విబంధాలకు ఆరు కావాలి. సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబు తెచ్చి, రెండు గట్టి పుల్లలను సగానికి కోసి, మధ్యలో ట్యూబు తొడిగి సర్దుకున్నాం. వంగే పుల్లలు ఆరు ఉన్న పెట్టె దొరికితే వంద రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి.