పడవకు కుట్టించిన కవర్: కొలత సరిపోతేనే కప్పండి

మా ఫైబర్ పడవను కాకినాడ నుంచి వరంగల్ దాకా ట్రైలర్ మీద తెచ్చినప్పుడు వడ్ల కుప్పల మీద కప్పే టార్పాలినే కప్పాం, రాజమండ్రి దాటకముందే అది గాలికి ఉబ్బి టపటపా కొట్టుకోవడం మొదలైంది, ఇంటికొచ్చి విప్పి చూస్తే తాడు ఒరుసుకున్న చోటల్లా పైపూత తెల్లగా గీసుకుపోయింది. ప్రాణం ఉసూరుమంది.

ఈసారి హన్మకొండలో కొలతలిచ్చి మందపాటి కాన్వాస్ కవర్ కుట్టించాం. అంచు చుట్టూ తాడు, అడుగు నుంచి బిగించే బెల్టులు, మూలల దగ్గర రెండు పొరలు. లక్నవరం, ఆ తర్వాత నాగార్జునసాగర్ వెళ్లొచ్చాం, ఒక్క కొత్త గీత పడలేదు, కుట్టు చెక్కుచెదరలేదు. వాన పడితే మాత్రం మధ్యలో నీళ్లు నిలుస్తున్నాయి, లోపల ఒక కర్ర దన్నుగా పెట్టాల్సిందే. వదులు టార్పాలిన్ తప్ప వేరేది లేకపోతే, లోపలి సామాను దించేసి కప్పకుండానే తీసుకెళ్లండి.