మెషిన్‌లో చెయ్యి పడినవాళ్లు సంతకం పెట్టకముందే ఈ లాయరు ఆఫీసుకు వెళ్లండి (4/5)

ఫ్యాక్టరీలోగానీ మిల్లులోగానీ మెషిన్‌లో చెయ్యో కాలో పోయి, ఓనరు మనుషులు "ఎంతో కొంత ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టు" అని ఇంటి చుట్టూ తిరుగుతున్నారంటే, ఆ సంతకం పెట్టకముందు శ్రీకాకుళంలో ఈ లాయరు మేడమ్ దగ్గరకు వెళ్లండి. మొదటి రోజే మీకు ఎంత రావాలో కాగితం మీద లెక్క కట్టి చేతికిస్తారు. మాకు ఈ ఆఫీసు చేసిన అసలు మేలు అదే.

మా బావ ఆమదాలవలస వైపు ఒక చిన్న రైస్ మిల్లులో పని చేసేవాడు. బెల్టు జారిందని సర్దబోతే చెయ్యి పుల్లీలో ఇరుక్కుని చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా పోయాయి. ఆసుపత్రి బిల్లు కొంత కట్టి, పైన 40 వేలు ఇస్తానని ఓనరు పెద్దమనుషుల్ని పంపాడు. ఇంట్లో సంపాదించేది బావ ఒక్కడే, అందుకని మా అక్క తీసేసుకుందామంది. ఆమెనేం అనగలం.

మేడమ్ అడిగినవి రెండే, వయసెంత, జీతమెంత. బావకి అప్పటికి 35 నిండాయి, పనిలో గాయపడినవాళ్ల పరిహారం కోసం ఉన్న 1923 చట్టంలో ఆ వయసుకి 197.06 అని గుణకం ఉంది. జీతం 12,000, అందులో 60 శాతం 7,200, దాన్ని గుణకంతో గుణిస్తే 14,18,832. ఒకే చేతికి రెండు వేళ్లు పోతే సంపాదించే శక్తిలో 20 శాతం పోయినట్టేనని ఆ చట్టంలోని గాయాల పట్టికలోనే (షెడ్యూల్ అంటారు) ఉంది కాబట్టి రావాల్సింది 2,83,766 రూపాయలు. వైద్యం ఖర్చు దీనికి అదనం, అసలు బిల్లులు పెడితే ఓనరే ఇవ్వాలి. జీతం ఎంత ఎక్కువున్నా లెక్కకి నెలకి 15,000 వరకే తీసుకుంటారట. 40 వేలకీ ఈ మొత్తానికీ ఉన్న తేడా చూశాక మా అక్క మళ్లీ రాజీ మాటెత్తలేదు. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా చట్టం ముందు చెల్లదట, కానీ ఒకసారి సంతకం పడితే దాన్ని తేల్చుకోవడానికే ఏళ్లు పడుతుంది కదా.

కేసు వేశాక అవతలివాళ్లు మూడు మాటలన్నారు. మొదటిది, బెల్టు మీద గార్డు బావే తీసేశాడని. రక్షణ కోసం పెట్టినదాన్ని కార్మికుడు తెలిసి తెలిసి తీసేస్తే ఇలాంటి గాయానికి పరిహారం రాకుండా పోవచ్చు, అందుకే ఆ మాట పట్టుకున్నారు. ఆ బెల్టుకి గార్డు ఏనాడూ లేదు! తోటి కళాసీ ఒకాయన వచ్చి అదే చెప్పాడు, ఇప్పటికీ మిల్లుల్లోనే బతకాల్సిన మనిషి అలా వచ్చి చెప్పడం చిన్న విషయం కాదు. రెండోది, బావ ఇప్పుడు వేరే చోట వాచ్‌మన్ పనికి వెళ్తున్నాడు కాబట్టి నష్టమేముందని. షెడ్యూల్‌లో ఉన్న గాయానికి ఆ వాదన నిలవదని మేడమ్ గట్టిగా చెప్పారు. మూడోది జీతం, 7 వేలే ఇచ్చేవాళ్లమని. రిజిస్టరులో బావ పేరు లేదు, కానీ ఫోన్‌పేలో నెలనెలా పడిన డబ్బు ఉంది, అదే మమ్మల్ని కాపాడింది.

ఇంకొకటి, ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది. మొదట తీసుకెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో మిల్లు మనుషులే "ఇంటి దగ్గర తెగింది" అని రాయించారు. ఆ కంగారులో మనవాళ్లు అది చూసుకోరు. తర్వాత చేర్చిన ఆసుపత్రి కేసు షీటులో మిల్లు ప్రమాదం అని ఉండబట్టి సరిపోయింది.

ఫీజు సంగతి. లేబర్ ఆఫీసు దగ్గర ఒక బ్రోకరు వచ్చినదాంట్లో 30 శాతం అడిగాడు. ఇక్కడ మొదటే ఒక మొత్తం చెప్పి, రెండు విడతల్లో తీసుకుని, రెండిటికీ రసీదు ఇచ్చారు. పరిహారంలో వాటా తీసుకోవడం లాయర్ల నియమాలకే విరుద్ధమని కూడా చెప్పారు. మేం కూర్చున్నప్పుడే ఒక జూట్ మిల్లు కార్మికుడు వచ్చాడు. ఆయనకి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కార్డుంది. "మీది నా దగ్గర వేసే కేసు కాదు బాబూ, ఈఎస్ఐ ఉంటే ఓనరు మీద ఈ పరిహారం అడగలేం, వైకల్యం బెనిఫిట్‌కి ఈఎస్ఐ ఆఫీసులోనే పెట్టుకోండి" అని ఏ కాగితాలు కావాలో రాసిచ్చి పైసా తీసుకోకుండా పంపారు. నాకు వాళ్ల మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఒక స్టార్ తగ్గించింది జూనియర్ల వల్ల. ఫోన్ చేస్తే ఎత్తరు. వాయిదా ఉందని ముందురోజు రాత్రి చెప్తారు, వాయిదా పడిందని మాత్రం అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. రోజుకూలీ వదులుకుని సాక్షిని తీసుకెళ్లేవాళ్లకి అది ఎంత కష్టమో వాళ్లకి అర్థం కావాలి. ఈ కేసులు 3 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, మాది అంతకంటే చాలా ఎక్కువే పట్టింది, అది ఒక్క ఈ ఆఫీసు తప్పని అనను.

చివరికి ఈ కేసులు విచారించే కమిషనర్ ఆర్డరు మా లెక్క ప్రకారమే వచ్చింది, 12 శాతం వడ్డీతో సహా. హైకోర్టుకి వెళ్తానని ఓనరు బెదిరించాడు గానీ అప్పీలుకి ముందు డబ్బు మొత్తం డిపాజిట్ చేయాలని తెలిసి ఊరుకున్నాడు. ఆలస్యం చేసినందుకు పెనాల్టీ 50 శాతం వరకు వేయొచ్చట, ఆ విషయం ఇంకా నడుస్తోంది.

మాది 1923 చట్టం కింద నడిచిన కేసు. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ తర్వాత ప్రమాదం జరిగినవాళ్లు తమకేది వర్తిస్తుందో మేడమ్‌నే అడగండి. వెళ్లేటప్పుడు ఆధార్, ఆసుపత్రి కాగితాలన్నీ, జీతం పడిన ఫోన్ మెసేజులు, వీలైతే ఆ మెషిన్ ఫొటో తీసుకెళ్లండి. సాయంత్రం కోర్టు అయ్యాక అయితే మేడమ్ స్వయంగా ఉంటారు.