తల తిరుగుడికి మాదీఫల రసాయనం, బీటాహిస్టిన్, ఎప్లీ: ఏళ్ళ తరబడి వాడాక

నాది బీపీపీవీ రకం, అంటే తల ఒక పక్కకి కదిలిస్తే వచ్చే తల తిరుగుడు. మంచం మీద కుడిపక్కకి ఒత్తిగిలితే చాలు, గది గిర్రున తిరుగుతుంది. నిమిషంలోపే ఆగుతుంది కానీ ఆ వికారం, తూలు పూటంతా వదలవు. లోపలి చెవిలో కాల్షియం కార్బొనేట్ రేణువులు తమ చోటు వదిలి అర్ధవృత్తాకార నాళంలోకి జారితే ఇది వస్తుంది. తల ఆగినా రేణువులు జారుతూనే ఉంటాయి కాబట్టి ఇంకా తిరుగుతున్నామనే కబురు మెదడుకి వెళ్తుంది.

మా ఇంట్లో ఎవరికి కళ్ళు తిరిగినా "పైత్యం చేసిందిలే" అంటూ అమ్మ ముందు తీసేది మాదీఫల రసాయనం సీసానే. పులుపూ తీపీ కలిసిన ఆ రుచి వికారంలో నోటికి హితంగా ఉంటుంది. నీళ్ళలో కలుపుకుని తాగితే నాలుగు ముద్దలు లోపలికి పోతాయి. తిరగడం మాత్రం దీంతో ఆగదు. షుగరున్నవాళ్ళు సీసా మీద ఏం రాసి ఉందో చూసుకోవాలి.

ఆయుర్వేదంలో తల తిరుగుడిని భ్రమ అంటారు. రజోగుణం, పిత్తం, వాతం కలిస్తే పుడుతుందనీ, ఒళ్ళు చక్రంలా తిరిగి మనిషి నేలమీద పడతాడనీ మాధవ నిదానం అనే పాత వైద్యగ్రంథం చెబుతుంది. ఇది చదివినప్పుడు నా బాధ తెలిసినవాళ్ళు రాసినట్టే అనిపించింది. వైద్యుడుగారు దురాలభ అనే మూలిక కషాయం నెయ్యి వేసి తాగమన్నారు. జాగరణలు, ఉపవాసాలు, ఎండన పడి తిరగడం మానమన్నారు. కషాయం వల్ల తేడా తెలియలేదు. పథ్యం వల్ల తెలిసింది. నిద్ర సరిగా ఉన్న రోజుల్లో తూలు బాగా తగ్గుతుంది.

బీటాహిస్టిన్ మాత్రలు చాలాకాలం మింగాను. కడుపులో మంట తప్ప నాకు ఒరిగింది తక్కువ. ఇది ముఖ్యంగా మెనియర్ జబ్బుకి, అంటే తల తిరుగుడుతోపాటు వినికిడి తగ్గి చెవిలో హోరు వచ్చే లోపలి చెవి జబ్బుకి రాసే మందు. దానిమీద కూడా జర్మనీలో చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో ఉత్తుత్తి (మందు లేని) మాత్ర కంటే మెరుగనిపించుకోలేదు. ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరిజీన్ లాంటివి ఒకటి రెండు రోజులు వాంతులు ఆపడానికి సరే. నెలల తరబడి వేసుకుంటే, ముఖ్యంగా పెద్దవాళ్ళకి, చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం రావచ్చు. పాత చీటీ చూపించి మళ్ళీ మళ్ళీ కొనుక్కునే మందులు కావివి.

నా తిరుగుడు నిజంగా ఆపింది ఎప్లీ పద్ధతి. అమెరికాలో పోర్ట్‌లండ్‌కి చెందిన చెవి వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో దీన్ని ప్రచురించారు. ముందు ఈఎన్‌టీ డాక్టరుగారు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, తల పక్కకి వంచి, కళ్ళు ఎలా కొట్టుకుంటున్నాయో చూసి ఏ చెవో తేల్చారు. ఇంట్లో చేసేది ఇలా: కుడి చెవైతే తల కుడికి 45 డిగ్రీలు తిప్పి, భుజాల కింద దిండు వచ్చేలా వెనక్కి వాలాలి. తిరగడం ఆగేదాకా అలాగే ఉండి, తల ఎడమకి 90 డిగ్రీలు తిప్పాలి. కాసేపాగి ఒళ్ళంతా ఎడమకి దొర్లి, ముఖం నేలవైపు పెట్టి, తర్వాత మెల్లగా లేచి కూర్చోవాలి. మొదటి భంగిమలో భయంకరంగా తిరుగుతుంది. అది రావాల్సిందే, పట్టుకునే మనిషి పక్కనుంటే చాలు. రేణువులు తిరిగి తమ గూటికి చేరగానే తేలికపడే ఆ హాయి ఏ మందులోనూ నాకు దొరకలేదు. మెడ నొప్పో, కంటి రెటీనా జబ్బో ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా చేయొద్దు.

ఇది తిరగబెట్టే జబ్బు, నాకూ తిరగబెట్టింది. రక్తంలో విటమిన్ డి తక్కువుంటే సరిచేసుకోండి. 2020లో వెలువడిన కొరియా పరీక్షలో విటమిన్ డి, కాల్షియం ఇచ్చినవాళ్ళకి తిరగబెట్టడం సుమారు నాలుగోవంతు మేర తగ్గింది.

పడక మీంచి లేవగానే కళ్ళు బైర్లు కమ్మితే అది వేరే సంగతి, బీపీ పడుకున్నప్పుడూ నిలబడ్డాకా చూపించుకోవాలి. తిరుగుడుతోపాటు మాట ముద్దగా రావడం, ఒక వస్తువు రెండుగా కనబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం, అడుగు వేయలేకపోవడం ఉంటే పైత్యమని కూర్చోకండి, ఎప్లీ కూడా మొదలుపెట్టకండి. పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.